ఎలుక పేగు మూలకణాల్ని ప్లేటులో పెంచాలంటే

చిన్నపేగు లోపలి పొర నాలుగైదు రోజులకోసారి కొత్తదైపోతుంది. ఆ పని నడిపించే మూలకణాలు క్రిప్టులనే బుల్లి గుంటల అడుగున ఉంటాయి. వాటిని బయట కూడా పెంచొచ్చని 2009లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో, హాన్స్ క్లేవర్స్ ల్యాబులో తోషిరో సాటో చూపించాడు.

ముందు పేగును నిలువునా చీల్చి, చల్లటి పీబీఎస్ (ఉప్పు బఫర్ ద్రావణం)తో కడిగి, కవర్‌స్లిప్‌తో విల్లైలను (పేగు లోపల వేళ్లలా పొడుచుకొచ్చే భాగాల్ని) గీకి పారేయండి, అవి ఎలాగూ పెరగవు. మిగిలినదాన్ని ముక్కలు చేసి, కణాల మధ్య పట్టు సడలించే ఈడీటీఏ అనే రసాయనం 2 మిల్లీమోలార్ ద్రావణంలో అరగంట ఐసు మీద ఉంచి, తర్వాత పీబీఎస్‌లో గట్టిగా ఊపితే క్రిప్టులు ఊడొస్తాయి. 70 మైక్రాన్ల జల్లెడలో వడకట్టి మ్యాట్రిజెల్ అనే ప్రోటీన్ల జెల్‌లో కలపండి. మ్యాట్రిజెల్ ఐసు మీదే ఉండాలి, కాస్త వెచ్చబడితే పిపెట్ టిప్పులోనే గడ్డకట్టి కూర్చుంటుంది. చుక్క 37 డిగ్రీల దగ్గర గట్టిపడ్డాక మీడియం (కణాలకు ఆహారమైన ద్రవం) పోయండి.

అసలు కథ మీడియంలో, అందులో మనం వేసే మూడు ప్రోటీన్లలో ఉంది. వింట్ అనే సంకేత ప్రోటీన్ అందితే కణంలోని బీటా కాటెనిన్ అనే ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లి కణాన్ని విభజించమంటుంది. ఎలుక క్రిప్టులో మూలకణం పక్కనే ఉండే పానెత్ కణాలు వింట్ ఇస్తాయి కాబట్టి మనం వేయక్కర్లేదు, కానీ దాన్ని అందుకునే ఫ్రిజిల్డ్ రిసెప్టార్లను కణం ఎప్పటికప్పుడు తీసేస్తుంటుంది. మనం వేసే మొదటి ప్రోటీన్ ఆర్-స్పాండిన్ వచ్చి, మూలకణం మీదుండే ఎల్‌జీఆర్5 అనే రిసెప్టార్‌ను పట్టుకుని, ఆ తీసేసే ప్రోటీన్లను పక్కకు తప్పిస్తుంది. అందుకే అన్నిటికన్నా దీని మీదే కన్నేసి ఉంచండి, పాత స్టాకైతే కల్చర్ కొద్ది రోజుల్లోనే చచ్చిపోతుంది.

రెండోది నాగిన్, పేరు వినగానే పాము డాన్సు గుర్తొస్తే నా తప్పు కాదు. విభజన ఆపి ముదరమని చెప్పే బీఎంపీ అనే సంకేత ప్రోటీన్‌ను ఇది పట్టేసుకుంటుంది. ఇది లేకపోయినా మొదట్లో అంతా బాగానే కనిపిస్తుంది, రెండు మూడు పాసేజీలు (కల్చర్‌ను విడదీసి కొత్త ప్లేటులోకి మార్చడాలు) పోయాక గానీ అసలు రంగు బయటపడదు. మూడోది ఈజీఎఫ్ అనే పెరుగుదల ప్రోటీన్, విభజనకు ఊపునిస్తుంది. మిల్లీలీటరుకు ఈజీఎఫ్ 50, నాగిన్ 100, ఆర్-స్పాండిన్ 500 నానోగ్రాములతో మొదలుపెట్టండి.

పెరిగే కణాల ముద్దలు మొగ్గలు తొడిగితే కుదిరినట్టే. త్వరగా పెరుగుతాయని బయటి నుంచి వింట్ కూడా గుమ్మరిస్తే మొగ్గల్లేని గుండ్రటి బుడగలవుతాయి. మనిషి పెద్దపేగు కణాలకైతే వింట్ మనమే వేయాలి.