జియార్డియా, అమీబా అనుమానం ఉంటే: పరీక్షకు మలం ఇవ్వడం నుంచి మందు పూర్తిచేసే దాకా

విరేచనాలు రెండు మూడు రోజుల్లో తగ్గిపోతే కారణం చాలాసార్లు వైరస్సే. వారం దాటినా ఆగకపోయినా, తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైనా జియార్డియా, అమీబా లాంటి ప్రోటోజోవాను అనుమానించాలి. ఇవి ఏకకణ పరాన్నజీవులు, నులిపురుగులు కావు. అందుకే నులిపురుగులకు వేసే ఒక్క ఆల్బెండజోల్ మాత్రతో వీటి పని అయిపోయిందనుకోకూడదు.

మలం తీరు చూస్తేనే కొంత తెలుస్తుంది. జియార్డియా చిన్నపేగు పైభాగంలో అతుక్కుని కొవ్వును ఒంటబట్టనివ్వదు. మలం జిడ్డుగా, లేత రంగులో, విపరీతమైన దుర్వాసనతో వస్తుంది. కడుపు ఉబ్బుతుంది, రక్తం మాత్రం పడదు. కొందరు పిల్లల్లో విరేచనాలు పెద్దగా లేకుండానే బరువు పెరగడం ఆగిపోతుంది. అమీబా అలా కాదు. పెద్దపేగు గోడను తొలిచి పుండ్లు చేస్తుంది కాబట్టి జిగట, రక్తం కలిసి, మెలిపెట్టే నొప్పితో కొంచెం కొంచెంగా చాలాసార్లు వెళ్లాల్సి వస్తుంది. మరో ప్రోటోజోవా క్రిప్టోస్పోరిడియం (క్రిప్టో) నీళ్ల విరేచనాలు తెస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవారిలో సాధారణంగా రెండు వారాల్లో తగ్గుతుంది. హెచ్‌ఐవీ ఉన్నవారిలో, బాగా బక్కచిక్కిన పసివాళ్లలో మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది.

ఎక్కువమంది పొరపాటు పడేది మల పరీక్ష దగ్గర. సిస్ట్‌లు (గట్టి పొర కప్పుకున్న రూపంలో ఉండే ఈ జీవులు) రోజూ ఒకే లెక్కన బయటికి రావు. ఒక్క నమూనాలో 'ఏమీ లేదు' అని వస్తే జబ్బు లేనట్టు కాదు. రోజు విడిచి రోజు, పది రోజుల్లోపు మూడు నమూనాలు ఇవ్వండి. వెడల్పు మూతి ఉన్న శుభ్రమైన పొడి డబ్బా తీసుకోండి. మూత్రం గానీ నీళ్లు గానీ కలిస్తే కదిలే అమీబాలు చచ్చిపోతాయి. జిగట, రక్తం ఉన్న భాగాన్నే తీయండి, జబ్బు ఆనవాలు ఉండేది అక్కడే. నీళ్లలా ఉన్న మలాన్ని అరగంటలోపు ల్యాబ్‌లో చూడాలి. ఆలస్యం తప్పదనుకుంటే మలాన్ని నిల్వ ఉంచే ద్రావణం ఉన్న డబ్బాను ముందే అడిగి తెచ్చుకోండి. ఇటీవల యాంటీబయాటిక్, యాంటాసిడ్ వాడినా, బేరియం మందు ఇచ్చి తీసే ఎక్స్‌రే జరిగినా చెప్పండి, అవి ఫలితాన్ని మరుగుపరుస్తాయి. క్రిప్టోస్పోరిడియం మామూలు పరీక్షలో దొరకదు. దానికి యాసిడ్ ఫాస్ట్ స్టెయిన్ (ప్రత్యేక రంగు వేసి చూసే పరీక్ష) గానీ యాంటిజెన్ పరీక్ష (జీవి ప్రోటీన్లను పట్టేది) గానీ ప్రత్యేకంగా రాయించుకోవాలి.

రిపోర్టులో పేరు పూర్తిగా చదవండి. 'ఎంటమీబా కోలై' అని ఉంటే అది హాని చేయదు, మందు అక్కర్లేదు. 'ఎంటమీబా హిస్టోలిటికా' అయితే లక్షణాలు లేకపోయినా వైద్యం కావాలి. హాని చేయని మరో రకం, ఎంటమీబా డిస్పార్ సిస్ట్‌లు మైక్రోస్కోప్‌లో అచ్చం దానిలాగే కనిపిస్తాయి, తేడా చెప్పేది యాంటిజెన్ లేదా పీసీఆర్ (జన్యుపదార్థాన్ని గుర్తించే) పరీక్ష. రక్త విరేచనాలను పేగుపూత (పెద్దపేగులో వాపు, పుండ్లు వచ్చే వేరే జబ్బు) అనుకుని, అమీబా లేదని తేల్చుకోకుండా స్టెరాయిడ్ మొదలుపెట్టడం అన్నిటికంటే ప్రమాదం. అమీబా రెచ్చిపోయి పేగుకు చిల్లు పడవచ్చు.

మందు డాక్టరు రాసిందే, పూర్తిగా వాడాలి. జియార్డియాకు మూడేళ్లు దాటితే టినిడజోల్ ఒకే మోతాదు (పెద్దలకు 2 గ్రాములు, పిల్లలకు కిలోకు 50 మి.గ్రా., 2 గ్రాములు మించకుండా), లేదా మెట్రోనిడజోల్ 5 నుంచి 7 రోజులు. అమీబా విరేచనాలకు మెట్రోనిడజోల్ 7 నుంచి 10 రోజులు వేశాక పని సగమే అయింది. ఆ మందు పేగు గోడలోని అమీబాలను చంపుతుంది గానీ పేగు లోపల మిగిలిన సిస్ట్‌లను పూర్తిగా పోగొట్టదు. అందుకే వెంటనే డైలోక్సనైడ్ 10 రోజులు లేదా పారోమోమైసిన్ 7 రోజులు వాడాలి. ఈ రెండో మందు రాయకపోతే అడగండి. జబ్బు తిరగబెట్టడానికి ఇదొక ముఖ్య కారణం. మెట్రోనిడజోల్‌తో నోరు లోహపు రుచి కొడుతుంది, మూత్రం ముదురు రంగులో వస్తుంది, కంగారు పడనక్కర్లేదు. మద్యం మాత్రం ముట్టవద్దు. గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఈలోగా ఒంట్లో నీరు తగ్గకుండా చూడాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను దానిమీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. ప్రతి విరేచనం తర్వాత రెండేళ్లలోపు పిల్లలకు 50 నుంచి 100 మి.లీ., పదేళ్లలోపు వారికి 100 నుంచి 200 మి.లీ. పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి చెంచాతో నెమ్మదిగా ఇవ్వండి. ఆరు నెలలు దాటిన పిల్లలకు జింక్ రోజుకు 20 మి.గ్రా. చొప్పున 10 నుంచి 14 రోజులు. తల్లిపాలు ఆపకండి. రక్తం పడుతుంటే విరేచనాలు కట్టే లోపెరమైడ్ వేయకండి.

జియార్డియా పోయాక కూడా కొన్ని వారాలు పాలు అరగకపోవచ్చు. పాలు తాగినప్పుడే ఉబ్బరం, విరేచనం వస్తే మందు పనిచేయలేదని మళ్లీ కోర్సు వేసుకోకండి. పాలు కొన్నాళ్లు తగ్గించి, మల పరీక్ష మరోసారి చేయించండి.

కళ్లు లోతుకుపోయి, మూత్రం ఆగి, బిడ్డ మత్తుగా ఉంటే క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. జ్వరంతో పాటు కుడి పక్కటెముకల కింద నొప్పి వస్తే లివర్‌లో అమీబా చీముగడ్డ కావచ్చు. అప్పుడు మలంలో ఏమీ కనిపించకపోవచ్చు, స్కానింగ్ చేయాలి.

నీళ్లు తెర్లనిచ్చి, ఒక నిమిషం ఆగి దించితే ఈ జీవులన్నీ చస్తాయి. క్లోరిన్‌కు క్రిప్టోస్పోరిడియం లొంగదు, శానిటైజర్ కూడా దాని మీద పనిచేయదు. మల విసర్జన తర్వాత, డైపర్ మార్చాక, వంటకు ముందు సబ్బుతో 20 సెకన్లు చేతులు రుద్దుకోవాలి. క్రిప్టో వచ్చినవారు విరేచనాలు ఆగాక రెండు వారాల దాకా ఈతకొలనులో దిగకూడదు.