గ్రాఫీన్ నేర్చుకుందాం – 4వ భాగం: లోపానికి రెండు ప్రశ్నలు

గ్రాఫీన్ అంటే ఒకే పరమాణువు మందం ఉన్న కర్బన పొర; అలాంటి పొరల దొంతరే గ్రాఫైట్. ఆ పొరలోని లోపాలు వేడినీ కరెంటునూ ఎలా అడ్డుకుంటాయో ఈ భాగంలో చూద్దాం. ముందుగా, పోయిన భాగంలో ఇచ్చిన పని చేశారా? కాగితం మీద 6బి పెన్సిల్‌తో 10 సెంటీమీటర్ల పట్టీ నల్లగా రుద్ది, మల్టీమీటర్ ప్రోబ్‌లు రెండు చివరలా ఆనించమన్నాను. మల్టీమీటర్ లేనివాళ్లకు హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే గుజరాతీ గల్లీ ఉండనే ఉంది.

ఇప్పుడు పట్టీ మధ్యలో బ్లేడుతో అడ్డంగా, ముప్పావు వెడల్పు దాకా గీరండి. ఓముల అంకె, అంటే కరెంటుకు ఎదురయ్యే అడ్డంకి కొలత, పెరుగుతుంది. గీరిన చోటే మళ్లీ గట్టిగా పెన్సిల్ రుద్దండి, దిగుతుంది. ఆ పట్టీ అంతా బంకమట్టితో కలిసిన గ్రాఫైట్ రేకులు. రేకు లోపల కరెంటు సులువుగానే పోతుంది, రేకు నుంచి రేకుకు దాటేచోట తడబడుతుంది. గ్రాఫీన్ పొరలో ఒక రేణువు (పరమాణువులు ఒకే దిశలో పేర్చుకున్న ముక్క) మరో రేణువును కలిసే సరిహద్దుల్లోనూ ఇలాంటి తడబాటే ఉంటుంది.

ఇక అసలు పాఠం. రాగిలో వేడినీ కరెంటునూ మోసేది ఎలక్ట్రాన్లే. గ్రాఫీన్‌లో కరెంటును ఎలక్ట్రాన్లు మోస్తాయి, వేడిని ఎక్కువగా పరమాణువుల కంపనాలు, అంటే ఫోనాన్లు మోస్తాయి. అందుకే ఏ లోపం కనబడినా రెండు ప్రశ్నలు విడివిడిగా వేయండి. పరమాణువు బరువు గానీ బంధాల బిగువు గానీ మారిందా? మారితే వేడికి దెబ్బ. ఎలక్ట్రాన్‌కు ఎదురయ్యే విద్యుత్ పరిసరం మారిందా? మారితే కరెంటుకు దెబ్బ.

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ కార్బన్-13. ప్రకృతిలోని కర్బనంలో ఇది సుమారు 1.1 శాతం. మామూలు కార్బన్-12 కంటే ఒక న్యూట్రాన్ ఎక్కువ, అంతే. ఎలక్ట్రాన్ల లెక్క మారదు కనుక కరెంటుకు దాదాపు తేడా తెలియదు. వేడి సంగతి వేరు. డాబా మీద దండెం తాడును ఒక చివర పట్టి ఊపి చూడండి: తడిబట్ట వేలాడేచోట అల కొంత వెనక్కి తిరుగుతుంది. బరువైన పరమాణువు ఫోనాన్‌కు అలాంటి తడిబట్టే. 2012లో కొలిచి చూపారు: కార్బన్-13ను 0.01 శాతానికి తగ్గించిన గ్రాఫీన్ ఉష్ణవాహకత 4000 వాట్లు/మీటర్-కెల్విన్ దాటింది. కార్బన్-12, కార్బన్-13 సగం సగం కలిపిన పొరకు అందులో సగం కూడా రాలేదు. రాగిది సుమారు 400 అని గుర్తుంచుకుంటే ఆ అంకెల బరువు తెలుస్తుంది.

పరమాణువే ఊడిపోయి ఖాళీ ఏర్పడితే రెండు ప్రశ్నలకూ జవాబు అవును. అక్కడ బరువు లేదు, చుట్టూ మూడు బంధాలు తెగాయి, ఎలక్ట్రాన్లూ చెదురుతాయి. గ్రాఫీన్‌ను పరిచిన ఆధారపు పలకలో చిక్కుకున్న విద్యుదావేశం దీనికి భిన్నం: కార్బన్-13ను తిరగేసినట్టు, ముఖ్యంగా కరెంటునే ఇబ్బంది పెడుతుంది.

ఈ వారం పని: ఒక కర్బన పరమాణువు స్థానంలో నత్రజని కూర్చుంది. బరువు 14, ఎలక్ట్రాన్ ఒకటి ఎక్కువ. రెండు ప్రశ్నలూ వేసి జవాబు నోటుబుక్కులో రాయండి. కరెంటు తగ్గుతుందని వెంటనే తేల్చకండి. ఆ అదనపు ఎలక్ట్రాన్ ఏం చేస్తుందో ముందు ఆలోచించండి.