కారు ఛార్జర్ లోవోల్టేజి చూపిస్తుంటే

ఇంట్లో పెట్టుకున్న ఎలక్ట్రిక్ కారు ఛార్జర్ లోవోల్టేజి చూపించి ఆగిపోతోందని ఫోను వస్తే నేను మొదట అడిగేది ఒకటే: ఎన్ని గంటలకు? రాత్రి 7 నుంచి 10 మధ్య ఆగి, తెల్లవారుజామున చక్కగా ఎక్కుతుంటే ఛార్జర్ జోలికి పోనక్కర్లేదు. వీధిలోని ఏసీలన్నీ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే వేళ అది. ఛార్జింగ్ సమయాన్ని అర్ధరాత్రి తర్వాతకు మార్చి చూడండి.

ఏ వేళలోనైనా ఆగిపోతుంటే కొలవాలి. కారు ఛార్జింగ్‌కు పెట్టకముందు ఒకసారి, ఛార్జింగ్ నడుస్తుండగా ఒకసారి. చాలా డిజిటల్ మీటర్లలో బటన్ నొక్కుతూ పోతే వోల్టేజి కనిపిస్తుంది. అంతవరకు మీరే చూడవచ్చు. ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆగిపోయే స్విచ్) దగ్గర, ఛార్జర్ లోపల కొలతలు మాత్రం ఎలక్ట్రీషియన్ పని.

ఇంటికి రావలసింది 230 వోల్టులు. కారు పెట్టకముందే మీటరులో 200 ఉంటే తప్పు సరఫరాది. కారు పెట్టకముందు 230 ఉండి, ఛార్జింగ్ మొదలవగానే మీటరు దగ్గరే బాగా పడిపోతే స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరునో దాని జాయింటునో అనుమానించాలి. మీటరు దగ్గర వోల్టేజి నిలకడగా ఉండి ఛార్జర్ దగ్గర పడిపోతే లోపం మన వైరింగ్‌లోనే.

ఎక్కువగా దొరికేది ఇక్కడే. 7.2 కిలోవాట్ల ఛార్జర్ 32 ఆంపియర్ల దాకా లాగుతుంది. మీటరు నుంచి పార్కింగ్ 30 మీటర్లుంటే, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో దాదాపు 9 వోల్టులు దారిలోనే పోతాయి. 10 చదరపు మిల్లీమీటర్లదైతే మూడున్నర. 20 వోల్టులు పోతుంటే ఎక్కడో స్క్రూ వదులైంది. ఆ నష్టమంతా ఒకే జాయింటులో ఉంటే అక్కడ 640 వాట్ల వేడి పుడుతున్నట్టు, అంటే గోడలో ఇస్త్రీపెట్టె పెట్టినట్టే. రంగు మారిన ఎంసీబీ, కాలిన వాసన కనిపిస్తే ఛార్జింగ్ వెంటనే ఆపండి.

త్రీఫేజ్ (మూడు ఫేజుల కరెంటు వచ్చే) ఇళ్లలో ఒక ఫేజులో వోల్టేజి పడిపోయి, మిగతా ఫేజుల మీది దీపాలు మరీ కాంతిగా వెలిగితే అది న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) తెగిన లక్షణం. మెయిన్ ఆపి, విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేయండి. టీవీ, ఫ్రిజ్ కాలిపోయేది ఇలాంటప్పుడే.

స్టెబిలైజర్ కొనమని సలహాలిస్తారు. నేను పెట్టను. అదే శక్తిని ఇవ్వడానికి అది సర్వీసు వైరు నుంచి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, వోల్టేజి ఇంకా పడుతుంది. దానికంటే ఛార్జర్ సెట్టింగులో 32 ఆంపియర్లను 16కు తగ్గించండి. వైరులో పోయే వోల్టేజి సగమవుతుంది. రాత్రంతా కారు ఊరికే నిలబడి ఉండేదే కదా.

తప్పు సరఫరాదని తేలితే, ఛార్జర్‌కు సరిపడా లోడు (ఇంటికి అనుమతించిన కిలోవాట్లు) మంజూరైందో లేదో ముందు బిల్లులో చూసుకోండి. తర్వాత వేర్వేరు వేళల్లో మీటరు చూపిన వోల్టేజిని తేదీ, సమయంతో ఫొటోలు తీసి ఫిర్యాదుకు జతచేయండి. లైన్‌మన్ పగలు వచ్చి చూస్తే 230 ఉంటుంది మరి.