కంప్యూటర్ తెర మీద ఆగని హెచ్చరికలు: ముందు అవి ఎవరివో తేల్చుకోండి

దేవరకొండలో మా పెదనాయన గారి ఇంట్లో కంప్యూటర్ పెట్టిన ప్రతిసారీ తెర కుడివైపు కింది మూల నుంచి ‘మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి’ అంటూ ఎర్రటి పెట్టె ఒకటి పైకి లేచేది. ఆయన భయపడి రెండు నెలల్లో రెండు యాంటీవైరస్‌లు కొన్నారు గాని పెట్టె ఆగలేదు. పరీక్ష ఫలితాల కోసం వెతికిన రోజున ఏదో వెబ్‌సైట్ నోటిఫికేషన్లు పంపడానికి అనుమతి అడిగితే, ఇంట్లో ఎవరో చూడకుండా ‘అలో’ నొక్కారు. నాటి నుంచి ఆ సైటే ఈ బెదిరింపులు పంపుతున్నది. యాంటీవైరస్ దృష్టిలో అది మనం ఇష్టపడి ఇచ్చిన అనుమతి, కనుక దాని జోలికి అది పోలేదు.

పెట్టె ఎవరిదో కనిపెట్టడం కష్టమేమీ కాదు. పెద్ద అక్షరాలను వదిలి చిన్న అక్షరాలు చదవండి: అక్కడ క్రోమ్ పేరో, ఎడ్జ్ పేరో, దానితోపాటు ఏదో వెబ్‌సైట్ చిరునామానో ఉంటే అది బ్రౌజర్ (సైట్లు చూడటానికి వాడే ప్రోగ్రాం) ద్వారా వచ్చిన ప్రకటన. నేను ఈ మాట చెబితే పెదనాయన ‘గింత ఎర్రగ మెరుస్తుంటే అబద్ధమెట్లయితదిరా?’ అన్నారు. అనుమానం తీరాలంటే పెట్టెను ముట్టకుండా, స్టార్ట్ మెనూలో ‘విండోస్ సెక్యూరిటీ’ని మీరే తెరిచి చూడాలి, అక్కడ అన్నింటికీ ఆకుపచ్చ టిక్కులు ఉంటే మూలన అరుస్తున్నది బయటివాడే.

తీసివేయడానికి క్రోమ్‌లో కుడివైపు పైనున్న మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’, అందులో ‘సైట్ సెట్టింగ్స్’, అందులో ‘నోటిఫికేషన్స్’ తెరవాలి. అడుగున అనుమతి పొందిన సైట్ల జాబితా ఉంటుంది. పెదనాయన జాబితాలో పదకొండు చిరునామాలు ఉండగా, అందులో ఆయన గుర్తుపట్టినవి రెండే. మిగతా తొమ్మిదింటినీ ఒక్కొక్కటిగా తొలగించి, ఇకమీదట ఏ సైటూ అనుమతి అడగకుండా పైనున్న ఎంపికను మార్చాను. ఇంట్లో పిల్లలకు వేరే ప్రొఫైల్ ఉన్నా, ఎడ్జ్ కూడా వాడుతున్నా అక్కడ కూడా ఇదే పని చేయాలి, లేకపోతే మర్నాటికి పెట్టె మళ్లీ లేస్తుంది. అలాగే ‘ఎక్స్‌టెన్షన్స్’ (బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) పేజీ తెరిచి, మీరు పెట్టుకున్నట్టు గుర్తులేని వాటిని తీసివేయండి.

తెర మొత్తం నిండిపోయి, సైరన్ మోగుతూ, ‘వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అనే పేజీ వస్తే అది మోసమే. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఎన్నడూ ఫోన్ నంబరు ఇవ్వదు. ఎస్కేప్ మీటను కాసేపు నొక్కిపట్టి బ్రౌజర్‌ను మూసేయండి. మూసుకోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో దాన్ని ఆపేయండి. తిరిగి తెరిచినప్పుడు పాత పేజీలను తెప్పించవద్దు. ఇప్పటికే ఫోన్ చేసి కంప్యూటర్‌ను వాళ్ల చేతికి అప్పగించి ఉంటే, నెట్ తీసేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోన్ చేయండి.

బ్యాంకు సైటుతో సహా ప్రతి సైటుకూ ‘యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్’ అని వస్తుంటే గడియారం వంక చూడండి. మన దగ్గర చాలామంది కరెంటు హెచ్చుతగ్గులకు జంకి రాత్రిపూట బోర్డు మీద స్విచ్ కట్టేస్తారు. అప్పుడు కంప్యూటర్‌లో తేదీని నిలిపేది మదర్‌బోర్డు మీద ఉండే రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒక్కటే. అది అయిపోతే పొద్దున తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి, సైటు అసలైనదేనని బ్రౌజర్‌కు చూపే భద్రతా పత్రాలు ఇంకా అమల్లోకి రానట్టు కనిపిస్తాయి. తేదీ సరిచేస్తే ఆ పూటకు పని నడుస్తుంది గాని, సీఆర్ 2032 అనే ఆ 3 వోల్టుల బ్యాటరీ మార్చేదాకా రోజూ ఇదే తంతు. తేదీ సరిగానే ఉండి ఒక్క సైటుకే హెచ్చరిక వస్తుంటే లోపం ఆ సైటు వైపుది కావచ్చు. ఏదేమైనా అక్కడ పాస్‌వర్డ్ కొట్టవద్దు.

ఇక నిజమైన హెచ్చరికలు. కంప్యూటర్‌తో ఉచితంగా వచ్చిన యాంటీవైరస్ గడువు తీరితే అది పదేపదే డబ్బు అడుగుతుంది. దాన్ని తీసివేస్తే విండోస్ సొంత యాంటీవైరస్ అయిన డిఫెండర్ మామూలుగా తానే పనిలోకి దిగుతుంది, ఇంటి అవసరాలకు అది చాలునని నా అభిప్రాయం. పెదనాయన కొన్న రెండూ ఒకదానికొకటి అడ్డుపడి కంప్యూటర్‌ను నత్తనడకకు తెచ్చినందున రెండింటినీ తీసేయవలసి వచ్చింది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందన్న సందేశం కూడా నిజమే.

డిఫెండర్ ఒకే ఫైలు పేరును రోజూ చూపుతుంటే విండోస్ సెక్యూరిటీలోని ‘ప్రొటెక్షన్ హిస్టరీ’లో ఆ ఫైలు ఉన్న చోటు చూడండి. అది ఇ, ఎఫ్ వంటి అక్షరంతో మొదలైతే బహుశా పెన్‌డ్రైవ్‌లోనిది: జిరాక్స్ సెంటర్‌కు తీసుకుపోయి వచ్చాక ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారే రకం వైరస్. కావలసిన పత్రాలు మాత్రం తీసుకుని పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేసి, ఆ తరువాత ‘స్కాన్ ఆప్షన్స్’లోని ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. కంప్యూటర్ తనంతట తానే ఆగి మళ్లీ మొదలై సుమారు 15 నిమిషాలు తీసుకుంటుంది కాబట్టి, కరెంటు పోయే వేళ కాకుండా చూసుకోండి.