సుద్దకొండల తీరాన చలికాలం: ముందుగా తెలుసుకోవలసినవి

ఇంగ్లండ్ దక్షిణ తీరాన ఈస్ట్‌బోర్న్, సీఫర్డ్ వైపు కాపురం పెట్టిన మనవాళ్లు, ఇంటికి చుట్టాలు రాగానే సెవెన్ సిస్టర్స్ అనే సుద్దకొండల వరుసను చూపించడానికి తీసుకెళ్తారు. మేమూ అంతే. పచ్చిక బయలు, దాని చివర తెల్లటి గోడలా కొండ, కింద సముద్రం. చూడవలసిన చోటే, కాదనను. కానీ అక్టోబరు దాటాక అక్కడికి బయలుదేరే ముందు కొన్ని సంగతులు ఇంటిల్లిపాదికీ చెప్పాలి. మన ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకైతే ఇంకోసారి చెప్పాలి.

ఆ తీరంలోనే ఉన్న బీచీ హెడ్ దగ్గర కొండ ఎత్తు 162 మీటర్లు. అంత ఎత్తున్నా అది సుద్ద. వాన నీటిని పీల్చుకుంటుంది. పగుళ్లలో చేరిన నీరు చలికి గడ్డకట్టి పగులును ఇంకా విడదీస్తుంది. కింద అలలు పాదాన్ని తొలుస్తూనే ఉంటాయి. గత 150 ఏళ్లలో ఈ తీరం సగటున ఏటా 22 నుంచి 32 సెంటీమీటర్లు వెనక్కి జరిగిందని పరిశోధకులు లెక్కకట్టారు. అలాగని ఏటా జానెడు చొప్పున రాలుతుందనుకోకండి. ఏళ్ల తరబడి కదలని చోటు ఒక్కసారిగా మీటర్ల కొద్దీ కూలిపోతుంది. 1999 జనవరిలో బీచీ హెడ్ దగ్గర అలాగే పెద్ద చరియ విరిగిపడింది. అదే ఏడాది బెల్ టూట్ అనే పాత లైట్‌హౌస్ భవనాన్ని 17 మీటర్లు లోపలికి జరిపి కాపాడుకోవలసి వచ్చింది.

నాకు అన్నిటికన్నా భయం కలిగించేది అంచున ఉండే గడ్డి. పైనుంచి చూస్తే నేల గట్టిగానే కనిపిస్తుంది, దాని కింద సుద్ద ఎప్పుడో రాలిపోయి ఉండవచ్చు. నిలబడినవారికి ఆ సంగతి తెలిసే దారి లేదు. అంచుకు కనీసం 5 మీటర్ల దూరంలో ఉండండి. ముగ్గురు పెద్దవాళ్లు చేతులు చాచి వరుసగా నిలబడితే దాదాపు అంత దూరం. చాలాచోట్ల కంచె ఉండదు కాబట్టి పిల్లల చెయ్యి వదలకండి, కుక్కకు పట్టీ తీయకండి. కాళ్లు కిందికి వేలాడదీసి ఫొటో దిగుతామనే చుట్టాలకు మొహమాటపడకుండా వద్దని చెప్పండి. తడిసిన సుద్ద జారుతుంది, గాలి ఉన్నట్టుండి తోస్తుంది. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది.

కింద ఒడ్డున నడిచేటప్పుడు కొండను ఆనుకుని కూర్చోకండి. చెకుముకి రాయి ఒక్కటి ఊడిపడినా ప్రాణాంతకమే. బయలుదేరే ముందు ఆటుపోట్ల వేళలు చూసుకోండి. సెవెన్ సిస్టర్స్ కింద, కుక్‌మియర్ నది సముద్రంలో కలిసే చోటు నుంచి బర్లింగ్ గ్యాప్ అనే చోటు వరకు సుమారు 4 కిలోమీటర్ల మేర పైకి ఎక్కే దారే లేదు. పోటు వస్తే నీరు కొండ పాదాన్ని తాకుతుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో పోటు మరీ ఎక్కువ. చిక్కుకుపోతే కొండ ఎక్కబోకండి, 999కి ఫోను చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగండి. కుక్క అంచు దాటి జారిపోయినా చేయవలసింది అదే, దాని వెనక మీరు దిగకండి.

అంచుకు దగ్గరలో ఇల్లు కొనాలనుకునేవారికి ఒక మాట. సముద్రపు కోత వల్ల జరిగే నష్టాన్ని మామూలు గృహ బీమా సాధారణంగా భరించదు. బర్లింగ్ గ్యాప్‌లో కోస్ట్‌గార్డ్ కుటీరాల వరుసలో కొన్నింటిని కోత వల్లే కూల్చేశారు. బయానా ఇవ్వకముందే తీరపు కోత పటం తెరిచి, ఆ ఇల్లు ఎక్కడుందో చూసుకోండి.