సీసాల గాజు పొడిని కాంక్రీటులో సిమెంటుకు బదులు కలపడం ఎలా

పారేసిన సీసాలను మెత్తగా పొడి చేస్తే సిమెంటులో కొంత భాగానికి బదులు వాడుకోవచ్చు. అవే సీసాలను ఇసుక రవ్వంత ముక్కలుగా కొట్టి కలిపితే కొన్ని నెలలకో కొన్నేళ్లకో కాంక్రీటు పగిలే ప్రమాదం ఉంది. సరుకు ఒకటే, తేడా మెత్తదనంలో ఉంది. అందుకే ఈ పనిలో శ్రమంతా ముందు మరపట్టడం మీద, జల్లెడ మీద పెట్టాలి.

మామూలు సీసా గాజులో 70 శాతం పైగా సిలికా, 13 శాతం వరకు సోడియం ఆక్సైడు, 10 శాతం దరిదాపుల్లో కాల్షియం ఆక్సైడు ఉంటాయి. ఈ సిలికాకు స్ఫటిక నిర్మాణం లేదు, కాబట్టి క్షారంలో తేలిగ్గా కరుగుతుంది. సిమెంటు గట్టిపడేటప్పుడు విడుదలయ్యే కాల్షియం హైడ్రాక్సైడుతో కలిసి, సిమెంటు ఇచ్చే బంధక పదార్థం లాంటిదాన్నే మరికొంత తయారుచేస్తుంది. రేణువు 75 మైక్రాన్లకు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు ఉంటేనే ఇది జరుగుతుంది, 45 మైక్రాన్లకు లోపైతే ఇంకా బాగా జరుగుతుంది. అర మిల్లీమీటరు, ఒక మిల్లీమీటరు ముక్కల్లో కథ తిరగబడుతుంది. వాటి చుట్టూ, వాటి పగుళ్లలో జెల్ ఏర్పడి, నీళ్లు పీల్చి ఉబ్బి, కాంక్రీటును లోపలినుంచి చీలుస్తుంది. పైన సాలెగూడు లాంటి పగుళ్లు కనబడే సరికి చేయగలిగింది పెద్దగా ఉండదు.

ముందు సీసాలు ఏరుకోవాలి. బీరు, మద్యం, కూల్‌డ్రింకు, సాస్ సీసాలు, కిటికీ అద్దాలు పనికొస్తాయి. తెల్లవి, పచ్చవి, గోధుమ రంగువి కలిసినా ఫరవాలేదు. ట్యూబ్‌లైట్లలో పాదరసం, పాత టీవీ పిక్చర్ ట్యూబుల్లో సీసం ఉంటాయి, వాటిని ముట్టుకోవద్దు. వెనక పూత ఉన్న ముఖం అద్దాలు, కార్ల ముందు అద్దాలు, ఓవెన్ గిన్నెలు, పింగాణీ ముక్కలు కూడా తీసేయండి.

కడగడంలో రెండు విషయాలు ముఖ్యం. మొదటిది చక్కెర. కూల్‌డ్రింకు సీసా అడుగున మిగిలిన కాస్త తీపి కూడా సిమెంటు గట్టిపడటాన్ని బాగా ఆలస్యం చేస్తుంది. పొద్దున్న పోసిన కాంక్రీటు మర్నాడు కూడా వేలికి మెత్తగా తగిలితే మొదట అనుమానించాల్సింది దీన్నే. సీసాలను ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, లేబుళ్లు ఊడదీసి, రెండుసార్లు కడగండి. రెండోది అల్యూమినియం. మద్యం సీసా మూత తిప్పి తీశాక మెడకు ఒక రింగు మిగిలిపోతుంది. అది పొడిలో కలిస్తే సిమెంటు క్షారంతో చర్య జరిగి హైడ్రోజన్ వాయువు పుడుతుంది, కాంక్రీటు పొంగి బుడగలు పడుతుంది. పరీక్ష తేలికే: సిమెంటు కలిపి తేర్చిన నీళ్లు గాజు గ్లాసులో పోసి రెండు చెంచాల పొడి వేయండి. కలిపినప్పటి గాలి పోయాక కూడా సన్నని బుడగలు వరుసగా లేస్తుంటే ఆ పొడి వాడొద్దు.

బాగా ఎండిన గాజునే మరకు వేయాలి, తడి ఉంటే ఉండలు కడుతుంది. క్రషర్‌లో కొన్ని మిల్లీమీటర్లకు కొట్టి, తర్వాత ఉక్కు గుండ్లున్న బాల్ మిల్లులో ఆడించాలి. ఎన్ని గంటలన్నది మిల్లును బట్టి మారుతుంది, కాబట్టి గడియారాన్ని కాకుండా జల్లెడను నమ్మండి. 100 గ్రాముల పొడిని 75 మైక్రాన్ల జల్లెడలో వేసి, నీటి ధార కింద కడిగి, మిగిలింది ఆరబెట్టి తూచండి. 5 గ్రాములు దాటితే మళ్లీ ఆడించాల్సిందే. వేళ్ల మధ్య ముఖం పౌడరులా అనిపించినంత మాత్రాన సరిపోదు, తూకం చూడాలి. పిండిమరలో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆడించవద్దు, తర్వాత ఆడించే పిండిలో గాజు వస్తుంది. పని చేసేవాళ్లకు ఎన్95 మాస్కు, కళ్లజోడు, మందపాటి చేతి తొడుగులు తప్పనిసరి.

సిమెంటు ఓపీసీ (ఏ బూడిదా కలపని సాదా పోర్ట్‌ల్యాండ్ సిమెంటు) 43 లేదా 53 గ్రేడు తీసుకోండి. బజారులో ఎక్కువగా దొరికే పీపీసీలో (పోజోలానా సిమెంటు) ఇప్పటికే 15 నుంచి 35 శాతం ఫ్లై యాష్, అంటే బొగ్గు బూడిద ఉంటుంది. దాని మీద మళ్లీ గాజు పొడి కలిపితే తొలివారం బలం బాగా పడిపోతుంది.

15 శాతం బదులుతో ఎం20 (28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బలం ఉండే కాంక్రీటు) కోసం, కాంక్రీటు కలిపే మిల్లర్‌లో ఒక వాయికి ఇది మంచి ఆరంభం: ఓపీసీ 42.5 కిలోలు, గాజు పొడి 7.5 కిలోలు, ఇసుక 103 కిలోలు, 20 మి.మీ. కంకర 98 కిలోలు, 10 మి.మీ. కంకర 66 కిలోలు, నీళ్లు 25 లీటర్లు. దీంతో సుమారు 0.14 ఘనపు మీటరు కాంక్రీటు వస్తుంది. ఇసుకలో 4 శాతం తడి ఉంటే అందులోనే దాదాపు 4 లీటర్ల నీళ్లున్నట్టు, ఆ మేరకు 25లో తగ్గించండి. గాజు సాంద్రత 2.5, సిమెంటుది 3.15. అంటే అదే బరువుకు గాజు ఎక్కువ చోటు పడుతుంది, కాబట్టి గమేళాలతో కొలవకుండా తూకం వేయండి.

సిమెంటు, గాజు పొడి రెండింటినీ ముందు పొడిగానే టార్పాలిన్ మీద రంగు ఒకేలా వచ్చేదాకా కలపండి, తెల్ల చారలు కనబడకూడదు. మిల్లర్‌లో సగం నీళ్లు, కంకర, ఇసుక, ఆపైన ఈ మిశ్రమం, చివర మిగతా నీళ్లు. స్లంప్, అంటే కోను అచ్చు తీశాక తడి కాంక్రీటు కుంగే ఎత్తు, 75 మి.మీ. దగ్గర ఉండాలి. గాజు నీళ్లు పీల్చదు, అందుకే పోసిన కాసేపటికి పైన నీరు తేలొచ్చు. ఆ నీరు ఆరేదాకా తాపీ పెట్టవద్దు, పొడి సిమెంటు చల్లవద్దు. మేస్త్రీ ఇంకో బకెట్ నీళ్లు పోస్తానంటే అస్సలు ఒప్పుకోవద్దు.

గాజు చర్య నెమ్మది. గోనె పట్టాలు కప్పి 14 రోజులు తడి ఆరకుండా చూడండి. ఏడో రోజుకే ఆపేస్తే గాజు కలిపి ప్రయోజనం ఉండదు, ఉన్న సిమెంటు తగ్గించుకున్నట్టే అవుతుంది. మన ఎండలు ఈ చర్యను వేగం చేస్తాయి, కాంక్రీటు తడిగా ఉన్నంతసేపే సుమా.

మొదటి వాయిలోనే 150 మి.మీ. క్యూబులు తొమ్మిది, గాజు లేని వాయిలో మరో తొమ్మిది పోసి, 7, 28, 90 రోజులకు మూడేసి చొప్పున పరీక్షించండి. ఏడు రోజులప్పుడు గాజు క్యూబులు వెనకబడటం మామూలే. ఎం20కి 28 రోజుల లక్ష్యం చదరపు మిల్లీమీటరుకు 26.6 న్యూటన్లు, అంటే క్యూబు సుమారు 600 కిలోన్యూటన్ల భారం మోయాలి. అది రాకపోతే ముందు పొడి మెత్తదనం, తర్వాత నీళ్ల లెక్క చూడండి, ఆ తర్వాతే 10 శాతానికి దిగండి. పగుళ్ల భయం తేల్చుకోవడానికి మీరు వాడే ఇసుక, సిమెంటు, పొడితోనే అమెరికా ప్రమాణమైన ఏఎస్టీఎం సీ1567 మోర్టార్ బార్ పరీక్ష చేయించాలి. 80 డిగ్రీల సోడియం హైడ్రాక్సైడు ద్రావణంలో 14 రోజులుంచాక వ్యాకోచం 0.10 శాతం దాటకూడదు.

ఎక్కడ వాడాలన్నది కూడా ఆలోచించాలి. కాంక్రీటుకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 పేరు పెట్టి అనుమతించిన ఖనిజాల్లో ఫ్లై యాష్, సిలికా ఫ్యూమ్, ఊక బూడిద, మెటాకయోలిన్, స్లాగ్ ఉన్నాయి, గాజు పొడి లేదు. మాంట్రియల్‌లో డార్విన్ వంతెనలకు సిమెంటులో 10 శాతం బదులు గాజు పొడి వాడారు, కానీ దాని వెనక విశ్వవిద్యాలయ ప్రయోగశాల పరీక్షలున్నాయి. కాబట్టి ఇంటి స్తంభాలు, బీములు, శ్లాబు జోలికి పోవద్దు. నడక దారులు, పేవర్ బ్లాకులు, గోడ చుట్టూ ఆప్రాన్, పార్కు బెంచీలతో మొదలుపెట్టండి. 90 రోజుల క్యూబులు సాదా వాటికి దీటుగా వస్తే 20 శాతానికి వెళ్లొచ్చు.