క్లేర్ నుంచి కెర్రీకి లిమరిక్ చుట్టు తప్పించుకునే దారి

ఐర్లాండ్ పశ్చిమ తీరం వెంట పిల్లాపాపలతో కారులో వెళ్లేవారు క్లేర్ కౌంటీలోని మోహర్ కొండచరియలు చూసుకుని కెర్రీ కౌంటీలోని డింగిల్ వైపు బయలుదేరగానే, షానన్ నది ముఖద్వారం అడ్డు రావడం వల్ల లిమరిక్ నగరం మీదుగా పెద్ద చుట్టు తిరగవలసి వస్తుంది.

దానికి బదులు క్లేర్ వైపున్న కిలిమర్ రేవులో కారుతో సహా ఫెర్రీ ఎక్కితే, సుమారు 20 నిమిషాల్లో కెర్రీ వైపున్న టార్బర్ట్‌లో దిగవచ్చు. ఈ రెండు రేవుల మధ్య రోడ్డు దూరం దాదాపు 137 కిలోమీటర్లు. మ్యాపులో ఫెర్రీలు వద్దనే ఆప్షన్ తీసివేసి, ముందు కిలిమర్ రేవును, దిగాక తరువాతి ఊరిని గమ్యంగా పెట్టుకోండి. సాధారణంగా కిలిమర్ నుంచి ప్రతి గంట కొట్టే వేళకు, టార్బర్ట్ నుంచి ఆపై అరగంటకు పడవ కదులుతుంది కనుక పది నిమిషాలు ముందుగా చేరితే చాలు. సమయం కన్నా, ఇరుకు రోడ్ల మీద స్టీరింగ్ పట్టుకునే శ్రమ తగ్గడమే నా దృష్టిలో అసలు లాభం. దారిలో పిల్లలు డెక్ మీద కాళ్లు సాచుకోవచ్చు, ఆ నీళ్లలోనే ఉండే డాల్ఫిన్లు ఒక్కోసారి కనబడతాయి కూడా.

అయితే ఆ రాత్రి బస లిమరిక్‌లోనో, దాని దగ్గరి అడేర్ ఊరిలోనో అయితే ఈ దారి వల్ల ప్రయోజనం లేదు. శీతాకాలంలో చివరి పడవ త్వరగా వెళ్లిపోతుంది, తుఫాను గాలులుంటే అసలు నడవకపోవచ్చు; కాబట్టి బయలుదేరే ఉదయమే ఆ రోజు వేళలు చూసుకోవాలి.